తెరమీది చలనము: ఆడించు చేతి ప్రశ్న

కంప్యూటరు తెరపై విండోలును మెనూలును నేడు ఊరకుండవు. జారును, విప్పారును, ముడుచుకొనును. ఈ చలనమునకు శాస్త్రము కల్పింపబూనినవారిలో బే-వే చాంగ్, డేవిడ్ ఉంగర్ అనువారు ముఖ్యులు. 'సెల్ఫ్' అను ప్రోగ్రామింగు భాషను ఆశ్రయించి 1993లో వారు వెలువరించిన వ్యాసము కార్టూను చిత్రముల మెలకువలను పనిముట్ల తెరకు దింపినది. దృఢత్వము, అతిశయము, పరిపోషణము అను మూడు శీర్షికల క్రింద వారు చేసిన విభాగము నేటికిని విలువగలదే. వస్తువు ఒకచోట మాయమై మఱియొకచోట పొడచూపినచో కన్ను దానిని వెదకుకొనవలెను. నడుమ దారిని చూపినచో ఆ శ్రమ తప్పును. మెల్లగా కదలి, వేగమందుకొని, మెల్లగా నిలుచు వస్తువునకు బరువున్నట్లు తోచును.

అయినను ఈ వంశావళియందొక చిక్కు కలదు. ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్‌లు 1981లో గ్రంథస్థము చేసిన డిస్నీ సంప్రదాయపు పండ్రెండు సూత్రములును, వానిని 1987లో కంప్యూటరు చిత్రములకన్వయించిన జాన్ లాసెటర్ వ్యాసమును సినిమాకు సంబంధించినవి. సినిమాలో ప్రతి ఫ్రేమును ముందే సిద్ధమై యుండును. ప్రేక్షకుడు చేయి చాచి దాని నాపజాలడు. పనిముట్టు ముందు కూర్చున్నవాడో, స్వయముగా ఆడించువాడు.

కావున సరియైన పోలిక తోలుబొమ్మలాటలో దొరకును. ఆంధ్రదేశపు బొమ్మకు భుజము, మోచేయి, మోకాలు మున్నగు కీళ్లుండును. ఒడిశా రావణచ్ఛాయ బొమ్మకు కీళ్లే లేవు. (కీళ్లు లేనంత మాత్రమున రావణచ్ఛాయ తక్కువ కళ యనుట పొరపాటు.) రెండింటను, సగము సాగిన కదలికను ఆటగాడు అక్కడినుండియే వెనుకకు మరలింపగలడు.

పట్టిక తెఱచుకొనుటకు 300 మిల్లీసెకండులని నిర్ణయించినారనుకొందము. సగము తెఱచునప్పటికే ఉపయోగించువాడు దానిని మూయగోరెను. ముగియువఱకు ఆగుమనుట అతని చేయి కట్టివేయుట. ఆ క్షణముననే మఱియొక చలనమును మొదటినుండి ప్రారంభించినచో వేగము తటాలున సున్నయై కుదుపు కలుగును. స్ప్రింగును అనుకరించు పద్ధతియందు ఈ దోషము లేదు. అందు కాలపరిమితికి మాఱుగా స్ప్రింగు బిగువును, ఊగులాట నణచు నిరోధమును నిర్ణయింతురు. గమ్యము నడుమ మాఱినను అప్పటి స్థానమును వేగమును చెదరక నిలుచును. సెకండునకు 60 మారులు మాఱు తెరపై ఇంచుమించు 16.7 మిల్లీసెకండులలో ఒక్కొక్క గణన ముగియవలెను. 2018లో ఆపిల్ సంస్థ రూపశిల్పులు తమ ప్రసంగమున నడుమ ఆపుటకు, మరలించుటకు వీలుండుటను ప్రధానగుణముగా చెప్పిరి.

కోనల్ ఇలియట్, పాల్ హుడాక్‌లు 1997లో మఱియొక త్రోవ తొక్కిరి. ఫ్రేముల లెక్క విడిచి, ప్రతి విలువను కాలముతో మాఱు ప్రవాహముగాను, మీట నొక్కుట వంటివానిని సంఘటనలుగాను వారు భావించిరి. భావన మిక్కిలి సొగసైనది. కాని యంత్రము కడకు కాలమును తునకలుగానే చూపును గదా!

అతిశయమను శీర్షికను మాత్రము నేడు యథాతథముగా గైకొన వీలులేదు. తెరమీది పెద్ద కదలికలచే కొందఱికి తలతిరుగుడు, వికారము కలుగును. 2018లో వెలువడిన వెబ్ సౌలభ్య మార్గదర్శకముల 2.1వ కూర్పు, అత్యవసరము కానిచో, మన చర్యవలన పుట్టు చలనమును ఆపివేయు వీలుండవలెనని తన అత్యున్నత స్థాయి నియమములలో చేర్చినది. చలనమును పూర్తిగా ఆపుకొన్నవానికి సయితము వస్తువు ఎచ్చటికి పోయినదో తెలియజేయు బాధ్యత నిర్మాతపై నిలిచియే యుండును.