షోకేసులోని హంసలు

అభిరుచి ఎవరికి వారి సొంతమని అనుకుంటాం. కానీ ఏది అందం, ఏది చౌకబారు అని తేల్చే అధికారం అందరికీ ఒకేలా లేదు. దీన్ని సిద్ధాంత గ్రంథాల్లో కన్నా మా యాలాల్ వైపు పాత ఇళ్లలోని షోకేసుల్లో నేను స్పష్టంగా చూశాను.

నేల మీద తాండూరు నాపబండలు. గోడలో అద్దాల అల్మారా. అందులో పూసల హంస, ప్లాస్టిక్ వైరుతో అల్లిన చిలక, ఐస్‌క్రీం పుల్లల ఇల్లు. పక్కన క్రోషియా గుడ్డ కప్పుకున్న టీవీ. ఇప్పుడు చాలా ఇళ్లలో బండల చోట టైల్స్ వచ్చాయి, టీవీ గోడకెక్కింది, షోకేసు పోయింది. హంసలు అటకెక్కాయి, లేదా చెత్తలో కలిశాయి.

గేటు స్తంభాల మీది సిమెంటు సింహాలూ తగ్గాయి. అయితే సింహాన్ని చేసిన మేస్త్రీకి కూలి ముట్టింది. హంసను అల్లిన ఆడపిల్లకు దక్కింది పెళ్లిచూపుల్లో “కుట్లు, అల్లికలు వచ్చు” అన్న ఒక్క మాట.

అమెరికాలో 1957లో డాన్ ఫెదర్‌స్టోన్ రూపొందించిన గులాబీరంగు ప్లాస్టిక్ ఫ్లెమింగో కొంగ కూడా ఇళ్ల ముందు పచ్చిక మీద నిలబడి వెక్కిరింతలు పడింది. 2006లో దాన్ని తయారుచేసే కంపెనీ మూతపడితే అది వార్త అయింది. చేసినవాడి పేరు నిలిచింది. మన హంసను అల్లిన చేతులు ఎవరివో చాలాసార్లు ఇంట్లోవాళ్లకే గుర్తుండదు.

నిర్మల్ బొమ్మ గోల్కొండ షోరూంలో ఉంటే కళ. వైరు చిలక ఇంట్లో ఉంటే చిల్లర సామాను. వైరు చిలకకు సంప్రదాయం లేదా? పక్కింటి పిల్ల దగ్గర ఒకటి అడిగి తెచ్చి, విప్పి, ముడులు లెక్కపెట్టి మళ్లీ అల్లేవాళ్లు. వంటకీ గిన్నెలకీ మధ్య దొరికిన కాస్త సమయంలో ఆడవాళ్లు ఒకరికొకరు చెప్పుకున్న పాఠమది. 1939లో క్లెమెంట్ గ్రీన్‌బర్గ్ చౌకబారు కళను అసలు కళకు ఎదురుగా నిలబెట్టాడు. ఆ కొలతలో ఈ పాఠానికి చోటు లేదు. 1984లో రోజికా పార్కర్ ‘ది సబ్‌వర్సివ్ స్టిచ్’లో ఎంబ్రాయిడరీ ఆడపిల్లలకు అణకువ నేర్పుతూనే, ఆ అణకువను ఎదిరించే చోటు కూడా అయిందని చూపింది. మనకు పనికొచ్చేది ఈ చూపు.

అలాగని హంసల కోసం కన్నీళ్లు అక్కర్లేదు. చదువుకో ఉద్యోగానికో పోతూ అమ్మాయి పూసలు పక్కన పెడితే అది నష్టం కాదు. నాకు అభ్యంతరం ఆ శ్రమను “చెత్త” అనడంతోనే. స్త్రీల రచనలను “వంటింటి సాహిత్యం” అని తీసిపారేసిన నోరూ ఇదే కదా!

కథలనూ కవితలనూ చర్చించినట్టే వీటినీ చర్చిద్దాం. ఎవరు అల్లారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఎందుకు మానేశారు? అటక మీద మిగిలినవి చెత్తబండి ఎక్కకముందే మన అమ్మలనూ అత్తలనూ అడుగుదాం.