లింగవిచారము : ‘ఒక హిజ్రా ఆత్మకథ’

లింగ మనునది దేహమునందుఁ గలదా, మాటయందుఁ గలదా యను ప్రశ్నము వైయాకరణులకుఁ గ్రొత్తది కాదు. పతంజలి మహాభాష్యమున స్త్రీప్రత్యయాధికారముకడ దీనిని విచారించెను. స్తనకేశాదులచే స్త్రీత్వమును నిర్ణయింపవచ్చునను పక్షమును ముందుంచి, స్త్రీవేషధారియగు భ్రూకుంసునియందు ఆ లక్షణము అతివ్యాప్తమనియు, ఖట్వాదిశబ్దములందు అవ్యాప్తమనియుఁ జూపి నిరాకరించెను. తుదకు లింగము లోకవ్యవహారాశ్రయ మని తేల్చెను. భార్యాశబ్దము స్త్రీలింగము, దారశబ్దము పుంలింగము, కళత్రశబ్దము నపుంసకలింగము. ఒక్క గృహిణికే మూఁడు లింగములును జెల్లుచున్నవి.

ఈ విచారము పాఠశాల విడిచి బ్రదుకులోనికి వచ్చిన గ్రంథము రేవతి రచించిన ఆత్మకథ. తమిళనాట నామక్కల్ ప్రాంతపుఁ బల్లెలోఁ గడపటి కుమారుఁడుగా నెన్నఁబడిన వ్యక్తి, తాను స్త్రీనని యెఱిఁగి, ఇల్లు వెడలి హిజ్రాలఁ జేరి, అన్నలచే దెబ్బలు తిని, శస్త్రచికిత్స పొంది, పిమ్మట బెంగుళూరున హక్కులకై పాటుపడు సంస్థలోఁ గుదురుకొని, ప్రేమించి పెండ్లాడి, ఆ దాంపత్యమును గోలుపోయిన వృత్తాంత మిది. తమిళమున వ్రాయఁబడినదైనను, వి. గీత చేసిన ఆంగ్లానువాదమే ముందుగా 2010లో వెలువడెను. తమిళగ్రంథము ‘వెళ్ళై మొళి’ 2011లో వచ్చెను. ఆంగ్లమునుండి పి. సత్యవతి తెలిఁగించిన ‘ఒక హిజ్రా ఆత్మకథ’ను హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వారు ప్రకటించిరి. ఆ యనువాదమునకు 2019వ సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారము లభించెను.

అనువాదమున నున్న చిక్కు వ్యాకరణసంబంధి. చిన్నయసూరి బాలవ్యాకరణమున (1858) నామములు మహత్తు, మహతి, అమహత్తు అని విభజింపఁబడినవి. ఉత్తమపురుషమున తెలుఁగు లింగము నడుగదు. ‘వచ్చితిని’ యన్నది పురుషుఁడో స్త్రీయో క్రియ చెప్పదు. కావున రేవతి తన్నుఁగూర్చి తాను పలుకునంతవఱకు భాష యామెకు నీడ. పరులు పలుకునప్పుడే ‘వాఁడు’, ‘ఆమె’, ‘అది’ యను తీర్పులు పుట్టును. తమిళమున స్త్రీకి వేఱుక్రియారూప మున్నది. తెలుఁగున ‘ఆమె వచ్చుచున్నది’, ‘అది వచ్చుచున్నది’ యనుటలో క్రియ యొక్కటియే. ఏకవచనమున స్త్రీ అమహత్తుతోఁ గలియును; బహువచనమున ‘వారు వచ్చుచున్నా’ రని పురుషులతో సమానముగా నిలుచును. ఎగతాళి యంతయు ఏకవచనమునఁ బుట్టి, గౌరవము బహువచనమున దక్కుట ఈ గ్రంథము చదువువారికి స్పష్టపడును.

శీర్షికయందు ‘హిజ్రా’ శబ్దమును నిలుపుట ఉచితము. ‘పేడి’ యనినచో తిక్కన విరాటపర్వమునందలి బృహన్నల స్మృతికి వచ్చును. అర్జునునకు పేడిరూప మొక యేఁటి అజ్ఞాతవాసము. గడువు తీఱఁగానే గాండీవము చేతికి వచ్చును. రేవతికి స్త్రీత్వము అజ్ఞాతవాసము కాదు. పురుషుఁడని పిలువఁబడిన బాల్యమే అజ్ఞాతవాసము. ఆ పోలిక నిట్లు తలక్రిందు చేయుటయే గ్రంథమునకుఁ బ్రాణము.

మాతృత్వప్రసక్తియు గమనింపఁదగినది. హిజ్రాల కుటుంబవ్యవస్థయందు గురువు తల్లి, చేలా కూఁతురు, గురువునకు గురువు నాని. రేవతి తానును చేలాలఁ జేర్చుకొని తల్లి స్థానమునకు వచ్చెను. కన్నతల్లి యింట దొరకని కూఁతురితనము పరాయియింట దొరకెను. అయితే అచ్చటి కాఠిన్యమును, పెత్తనమును గ్రంథకర్త్రి దాఁపలేదు. ఈ నిష్పాక్షికతవలననే గ్రంథము విశ్వసనీయము.

రామగుండము, గోదావరిఖని బొగ్గుగనుల సీమలోని పాఠకునకు ఇది పరదేశవార్త కాదు. ఆ సీమ నిజాము రాజ్యభాగముగా నున్నప్పుడు, 1329 ఫసలీలో (1919) ఆ రాజ్యమునఁ బుట్టిన చట్టము ఇట్టివారి పేళ్ళను పట్టికకెక్కించి, స్త్రీవేషమున వీధిఁ గనఁబడినచో వారంటు లేకయే పట్టుకొనవచ్చునని విధించెను. స్వీయలింగనిర్ణయము హక్కని సుప్రీంకోర్టు 2014లోఁ దీర్పు చెప్పినను, ఆ చట్టమును తెలంగాణ హైకోర్టు కొట్టివేసినది 2023 జులైలోనే. ‘ఖని’శబ్దము సంస్కృతమున స్త్రీలింగము, అట్లయ్యు 1952 నాఁటి గనుల చట్టము భూగర్భపుఁ బనికి స్త్రీలను రానీయలేదు, 2019లోఁగాని ఆ నిషేధము షరతులతో సడలలేదు. శబ్దమునకు లింగ మొసఁగుటలో ఉదారమైన లోకము మనుష్యునకు బాయిలోఁ బని యొసఁగుటలో ఎంత లోభియో దీనివలనఁ దెలియును.

లోప మొకటి చెప్పవలసియున్నది. సోదరభాషయగు తమిళమునుండి నేరుగా రాక, ఆంగ్లముమీఁదుగా రచన తెలుఁగునకు వచ్చెను. ఆంగ్లసర్వనామము ప్రథమపురుషైకవచనమున మనుష్యునకు అడుగడుగున లింగనిర్ణయము కోరును. బంధుత్వవాచకములను గొద్దిపాటి పదములతో సరిపెట్టును. అన్న, వదిన, అక్క యను పిలుపులయందే పరిగ్రహమో, బహిష్కారమో తెలియు కథకు ఈ చుట్టుదారి కొంత నష్టమే. మూలమునుండి మఱియొక యనువాదము వచ్చుట మేలు. అంతమాత్రమున ప్రస్తుతానువాదము విలువ తగ్గదు. తెలుఁగువారి యింటికి ఈ గొంతును ముందుగాఁ దెచ్చినది యదియే.

నపుంసకశబ్దమును తిట్టుగా వాడువారు వ్యాకరణమును సాక్షికిఁ బిలుచుట కలదు. ఆ సాక్షి వారిపక్షమునఁ బలుకదు. లింగము లోకాశ్రయ మని భాష్యకారుఁడే చెప్పెను. రేవతియు ఆ లోకములోని వ్యక్తియే. తన్నుఁగూర్చి ‘స్త్రీ’యని యామె పలికిన పలుకు వ్యవహారమే. శబ్దము దానిననుసరింపవలసినదే.