పాత దయ్యాలు, చూడని సినిమాలు

దయ్యాల సినిమాలంటే చెవి కోసుకునేవాళ్లను ఎవరినైనా అడగండి, మీకు నచ్చినవేవని. ‘రాత్రి’, ‘అరుంధతి’, ‘చంద్రముఖి’, ‘కాంచన’... వేళ్ల మీద లెక్కపెట్టే పేర్లే వినిపిస్తాయి. వాటిలో ప్రతి సన్నివేశం కంఠతా వచ్చు. ఇంకా ఏం చూశారని అడిగితే మాత్రం కాసేపు ఆలోచిస్తారు.

కేసముద్రం లాంటి ఊళ్లలో ఇది మరీ సహజం. కాజీపేట–విజయవాడ రైలు మార్గంలో స్టేషన్, పేరున్న వ్యవసాయ మార్కెట్ ఉన్న ఊరు ఇది. ఒకప్పుడు వరంగల్ జిల్లా, 2016 నుంచి మహబూబాబాద్ జిల్లా. ఇలాంటి చోట ఏ సినిమా చూడాలన్నది చాలాకాలం ప్రేక్షకుడి చేతిలో లేదు. దగ్గరి హాలుకు వచ్చిందే చూశాం. కొన్నింటి కోసం రైలెక్కి వరంగల్ వెళ్లాం. మిగతాది టీవీ చూపించింది. టీవీవాళ్లు ‘అరుంధతి’ని పండక్కీ వేశారు, ఆదివారానికీ వేశారు. ఇంటిల్లిపాదీ కూర్చుని చూశాం. అలా కొన్ని సినిమాలు ఒంటబట్టాయి. అంతకంటే గొప్పవి కొన్ని మన దాకా రానేలేదు.

చూసిందే చూడటాన్ని నేను తక్కువ చేయను. భయానక సినిమాకు సంబంధించినంత వరకు అదే మొదటి బడి. తొలిసారి చూసినప్పుడు కథ మనల్ని లాక్కుపోతుంది. తలుపు వెనక ఏముందో తెలిసిపోయాకే, ఆ తలుపు దాకా దర్శకుడు మనల్ని ఎలా నడిపించాడో కనిపిస్తుంది.

‘రాత్రి’నే తీసుకోండి. రామ్‌గోపాల్ వర్మ 1992లో తెలుగులోనూ హిందీలోనూ తీసిన సినిమా. ఛాయాగ్రహణం తేజ, నేపథ్య సంగీతం మణిశర్మ. కథ చిన్నది. కొత్త ఇంట్లోకి ఒక కుటుంబం దిగుతుంది. కారు కింద పడి చచ్చిన పిల్లి మళ్లీ ఇంట్లో తిరుగుతుంది. కూతురికి (రేవతి) ఏదో పూనుతుంది. మంత్రగాడి వేషంలో ఓంపురి వచ్చేదాకా దయ్యానికి ఒక రూపం అంటూ లేదు. ఉన్నదల్లా కెమెరా. నేలకు దగ్గరగా, మనిషి నడకకు అందని తీరులో అది ఇంట్లోకి జరుగుతూ వస్తుంటే, చూస్తున్నది ఎవరన్న ప్రశ్న మన వెన్నులోకి పాకుతుంది. సినిమా హాలు సన్నివేశం చూడండి. జనంతో నిండి ఉండాల్సిన చోట రేవతి ఒంటరిదైపోతుంది. అందులో రక్తం లేదు, కోరలు లేవు. జనం ఉండాల్సిన చోట జనం లేకపోవడమే ఆ భయం. దాన్ని సినిమా హాల్లోనే కూర్చుని చూస్తున్నవాడు ఒక్కసారి పక్క సీటు వైపు చూసుకోక తప్పదు.

‘అరుంధతి’ నేర్పే పాఠం వేరు. 2009 సంక్రాంతికి వచ్చిన కోడి రామకృష్ణ సినిమా. అనుష్క జేజమ్మ, సోనూ సూద్ పశుపతి. ఈ సినిమాను ఒకసారి కళ్లు మూసుకుని వినండి. పశుపతి శరీరం సోనూ సూద్‌ది, గొంతు రవిశంకర్‌ది. సమాధిలోంచి ‘బొమ్మాళీ’ అన్న ఆ పిలుపు వస్తుంటే మనిషి కనిపించాల్సిన పనే లేదు. తర్వాత ఆ కళాకారుడిని జనం ‘బొమ్మాళి రవిశంకర్’ అనే పిలుచుకున్నారు. పరభాషా నటులకు మన డబ్బింగ్ కళాకారులు గొంతు అరువివ్వడం తెలుగు సినిమాలో రోజువారీ పని. ఆ రోజువారీ పనినే ఇక్కడ భయానికి ఆయుధం చేసుకున్నారు. 1973లో వచ్చిన ‘ది ఎక్సార్సిస్ట్’లోనూ ఇదే విద్య ఉంది. పూనకంలో ఉన్న బాలిక లిండా బ్లెయిర్, ఆమె నోట పలికిన దయ్యం గొంతు మెర్సిడెస్ మెక్‌కేంబ్రిడ్జ్ అనే పెద్దావిడది. ఒకరి నోట మరొకరి గొంతు రావడం మన పల్లెల్లో పూనకం చూసినవాళ్లకు కొత్త కాదు. అందుకే ఆ సన్నివేశాలు మనకు అంత దగ్గరగా తగులుతాయి.

భరతుడు నాట్యశాస్త్రంలో భయానకాన్నీ బీభత్సాన్నీ వేరువేరు రసాలుగా చెప్పాడు. భయానకానికి మూలం భయం, బీభత్సానికి మూలం జుగుప్స. నేటి సినిమాలను తూచడానికి ఇంతకంటే మంచి కొలత నాకు కనిపించలేదు. పేగులు బయటపడ్డ శవం చూసి మొహం తిప్పుకుంటే అది బీభత్సం. మూసిన తలుపు వంక చూస్తూ చూపు తిప్పుకోలేకపోతే అది భయానకం. మొదటిదానికి ఖర్చు కావాలి, రెండోదానికి ఓపిక కావాలి.

పాతవాటి దగ్గరే ఆగిపోతే మనం నష్టపోయేది ఈ భయానకాన్నే. తెలిసిన దయ్యం కొన్నాళ్లకు చుట్టమైపోతుంది. ఎక్కడ అరుస్తుందో ముందే తెలుసు కాబట్టి మనం నవ్వుతూ ఎదురుచూస్తాం. 2013లో ‘ప్రేమకథా చిత్రం’ విజయం తర్వాత తెలుగులో దయ్యం హాస్యానికి తోడుగా వచ్చిన సినిమాలు వరసకట్టాయి. వాటిలో ‘ఆనందో బ్రహ్మ’ (2017) లాంటి తెలివైనవీ ఉన్నాయి, అక్కడ మనుషులను చూసి దయ్యాలు భయపడతాయి. కానీ భయం మాత్రం పలచబడింది.

దాన్ని మళ్లీ చిక్కబరిచిన సినిమా ‘మసూద’ (2022). సాయికిరణ్ దర్శకత్వం, సంగీత, తిరువీర్ ప్రధాన పాత్రలు. ఇందులో వీరుడు లేడు. భర్తకు దూరంగా కూతురితో బతికే తల్లి, పక్కింట్లో ఉండే ఒక పిరికి కుర్రాడు, అంతే. పిరికివాడు చీకట్లోకి అడుగుపెట్టాల్సి వచ్చినప్పుడు మన కాళ్లూ వణుకుతాయి. ధైర్యవంతుడైన కథానాయకుడు ఎన్నటికీ పుట్టించలేని భయం ఇది. ‘అరుంధతి’ని అన్నిసార్లు చూసినవాళ్లు దీన్ని ఒక్కసారైనా చూడకపోవడం నిజంగా లోటే.

తెలుగు దాటి, ఇంకా వెనక్కి వెళితే 1942 నాటి ‘క్యాట్ పీపుల్’ ఉంది. రాత్రివేళ ఒంటరిగా నడుస్తున్న స్త్రీ, వెనక అడుగుల చప్పుడు, ఆపైన నిశ్శబ్దం. ఉన్నట్టుండి బుస్సుమన్న శబ్దం. మృగమేమో అనుకుంటాం, తీరా చూస్తే వచ్చి ఆగిన బస్సు. ఉలిక్కిపడేలా చేసే ఈ ఎత్తుగడను తర్వాతి దర్శకులు ఎందరో వాడుకున్నారు. 1998లో జపాన్ నుంచి వచ్చిన ‘రింగు’ భయాన్ని ఏకంగా టీవీ తెరలోంచి ఇంట్లోకి నడిపించింది.

ఈ సినిమాల విలువ వినోదంతో తీరేది కాదు. ‘విరూపాక్ష’ (2023) ఎక్కడ మొదలవుతుందో గుర్తు తెచ్చుకోండి. క్షుద్రపూజలు చేస్తున్నారని ఊరంతా కలిసి భార్యాభర్తలను తగలబెడుతుంది. తర్వాతి చావులన్నింటికీ వేరు అక్కడుంది. ఆ సినిమాలో నన్ను అన్నిటికంటే భయపెట్టింది ఆ గుంపే. చేతబడి చేశారనే అనుమానంతో మనుషులను కొట్టి చంపిన వార్తలు తెలంగాణ పల్లెల నుంచి వస్తూనే ఉన్నాయి. జన విజ్ఞాన వేదిక వంటి సంస్థలు ఊరూరా తిరిగి ఈ మూఢనమ్మకం మీద పోరాడుతూనే ఉన్నాయి. కథ ముందుకు సాగే కొద్దీ క్షుద్రశక్తి నిజమేనని చూపించడం ఆ మొదటి సన్నివేశం బలాన్ని తగ్గించిందని నా అభిప్రాయం. ‘చంద్రముఖి’కి మూలమైన మలయాళ ‘మణిచిత్రతాళు’ (1993) ఈ విషయంలో ఒక మెట్టు పైన నిలిచింది. అది మనల్ని భయపెడుతూనే, పూనకం వెనక గాయపడిన మనసు ఉందని చెప్పింది. మంచి భయానక చిత్రం దయ్యాన్ని నమ్మమనదు, భయపడిన మనిషిని అర్థం చేసుకోమంటుంది.

అందుకే తోటి అభిమానులకు నా మాట ఒక్కటే. పాతవాటిని వదులుకోకండి, వాటికి తోడు వెతకండి. ‘రాత్రి’ మళ్లీ చూసిన వారమే ‘క్యాట్ పీపుల్’ చూడండి. ‘అరుంధతి’ తర్వాత ‘ది ఎక్సార్సిస్ట్’, ‘చంద్రముఖి’ తర్వాత ‘మణిచిత్రతాళు’ పెట్టుకోండి. ‘మసూద’ను మాత్రం దేనికీ తోడుగా కాక దానికోసమే చూడండి. వరంగల్ రైలు కోసం ఎదురుచూసే రోజులు పోయాయి, వీటిలో చాలావరకు ఇప్పుడు ఇంట్లోనే దొరుకుతాయి. చూసేటప్పుడు లైట్లు ఆర్పండి, సౌండ్ పెంచండి, మధ్యలో ఆపకండి. ఈ సినిమాలు అడిగే మర్యాద అంతే.