మాక్స్ లిండర్: పట్టుటోపీ పెద్దమనిషి హాస్యం

మూకీ హాస్యం అనగానే మనకు చార్లీ చాప్లిన్ గుర్తుకొస్తాడు. చాప్లిన్ తనకు గురువుగా అంగీకరించిన ఫ్రెంచి నటుడు మాక్స్ లిండర్. అందుకే లిండర్‌ను ‘చాప్లిన్‌కు ముందువాడు’ అన్న ఒక్కమాటతో సరిపెట్టడం పరిపాటి అయింది. పొగడ్తలా వినిపించే ఈ మాట లిండర్ కళను మరుగుపరుస్తుంది. ఎలాగో పరిశీలిద్దాం.

1. జీవిత రేఖలు

లిండర్ 1883లో బోర్డో నగరం సమీపాన ద్రాక్షతోటల కుటుంబంలో పుట్టాడు. రంగస్థలంపై నటిస్తూ 1905లో పాథే సంస్థ చిత్రాల్లో ప్రవేశించాడు. 1910 నాటికి యూరప్ అంతటా పేరుపొందిన తార అయ్యాడు. రచన, దర్శకత్వం కూడా తానే చేపట్టాడు. మొదటి ప్రపంచయుద్ధం ఆయన ఆరోగ్యాన్ని దెబ్బతీసింది. చాప్లిన్ విడిచి వెళ్లిన ఎస్సనే సంస్థ పిలుపుపై అమెరికా వెళ్లినా, మూడు చిత్రాలతోనే ఆ ఒప్పందం ముగిసింది. 1925లో పారిస్‌లో ఆయన, ఆయన భార్య మరణించారు. ఆ విషాదాన్ని ఆయన హాస్యంలో వెదకడం విమర్శ అనిపించుకోదు.

2. పాత్ర స్వభావం

చాప్లిన్ పాత్ర నిరుపేద. పెద్దమనిషిలా కనిపించాలని తాపత్రయపడతాడు. మాక్స్ నిజంగానే పెద్దమనిషి. పట్టుటోపీ, చేతికర్ర, దిద్దిన మీసం అతని ఆస్తి. ఆ హుందాతనం చెదరకుండా నిలుపుకోవడమే అతని తిప్పలు. కాబట్టి పరుగులు, పడిపోవడాలకన్నా కనుబొమ కదలిక, ఇబ్బందిని దాచే చిరునవ్వు అతనికి ముఖ్యం.

3. అద్దం దృశ్యం

‘సెవెన్ ఇయర్స్ బ్యాడ్ లక్’ (1921)లో నౌకర్లు యజమాని నిలువుటద్దం పగలగొడతారు. తప్పు దాచడానికి వంటవాడు మాక్స్ వేషంలో ఖాళీ చట్రం వెనుక నిలబడి అతని కదలికలను అనుకరిస్తాడు. మోసం గ్రహించిన మాక్స్ కోపంతో వస్తువు విసిరేసరికి, అక్కడ కొత్త అద్దం బిగించి ఉంటుంది! ఈ పోకడను లిండరే కనిపెట్టాడనలేం. చాప్లిన్ ‘ది ఫ్లోర్‌వాకర్’ (1916)లోనూ ఇటువంటిది ఉంది. అయితే ఇక్కడ దానికి కొత్త అర్థం వచ్చింది. దుస్తులు మార్చితే వంటవాడూ దొరే అవుతాడు. పెద్దరికమంతా వేషమేనని యజమాని అద్దంలోనే తేలిపోతుంది.

4. అంచనా

ఆకలి, నిరుద్యోగం లిండర్ లోకంలోకి పెద్దగా రావు. అది ఆయన పరిమితి. చాప్లిన్ అక్కడినుంచే ముందుకు నడిచాడు. కాని హోదాను లోపలినుంచి చూసి నవ్వించినది లిండర్. ఆయన చిత్రాలు ఎన్నో నశించాయి. మిగిలినవాటిని వెలుగులోకి తేవడానికి కూతురు మోద్ లిండర్ జీవితాంతం కృషిచేసింది. ఒకరి నీడగా కాక, ఆ చిత్రాలను వాటికవిగా చూడటమే ఆ కృషికి తగిన గౌరవం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: అద్దం దృశ్యం ఆధారంగా మాక్స్, చాప్లిన్ పాత్రల భేదాన్ని వివరించండి.