మానేయడం, మాన్పించడం

ఎమ్మే రెండో ఏడాదిలో ఒక మౌఖిక చరిత్ర ప్రాజెక్టులో చేరాను. ఇంటర్వ్యూలు చేసే పని నాకు దక్కలేదు. అవి సీనియర్లు అప్పటికే చేసేశారు. నిజామాబాద్ జిల్లాలో బీడీలు చుట్టే ఆడవాళ్లతో మాట్లాడి, ముప్పై చిల్లర గంటల రికార్డింగులు ఒక హార్డ్ డిస్కులో పడేసి, పట్టాలు పుచ్చుకుని వెళ్లిపోయారు. వాటిని విని, శుభ్రం చేసి, రాతలో పెట్టి, ఎక్కడ ఏముందో చెప్పే సూచిక తయారుచేయడం నా వంతు. గుమాస్తా పని అనుకున్నాను. గంట మాటల్ని కాగితం మీద పెట్టడానికి ఏడెనిమిది గంటలు పడుతుందని మొదటి వారంలోనే తెలిసింది. మిగతావి తెలియడానికి ఇంకొంచెం టైం పట్టింది.

మొదటి తగాదా కత్తెరతో. ఆ ఆడవాళ్లెవరూ పని ఆపి మాట్లాడలేదు. చాట ఒళ్లో పెట్టుకుని, రేకు ముక్క కొలతగా తునికాకు కత్తిరిస్తూనే చెప్పారు. కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తుంది. మన చరిత్ర కోసం వాళ్ల లెక్క ఎందుకు తగ్గించుకుంటారు? ఫ్యాన్ హోరుని సాఫ్ట్‌వేర్ ఇట్టే తీసేసింది, అది ఒకే తీరుగా ఉంటుంది కాబట్టి. కత్తెర చప్పుడు అలా పోలేదు. రెండు సాయంత్రాలు కూర్చుని ఒక్కో 'కిచ్'నీ చేత్తో కోసేశాను. ఫైలు ఎంత శుభ్రంగా వచ్చిందో అని మురిసిపోయాను కూడా.

అందులో అరవై దాటిన ఒకావిడ ఉంది. పేరు రాయను. మొగుడు దుబాయి పోయాక నలుగురు పిల్లల్ని బీడీల మీదే సాకింది. పెద్దమ్మాయి గురించి చెబుతూ ఒకచోట, 'బడి మాన్పించిన' అంటుంది. తర్వాత కాసేపు ఏమీ లేదు. ఆ పైన, 'నేనే మాన్పించిన.'

నేను దీన్ని 'నేనే బడి మాన్పించాను' అని రాసుకున్నాను. చెప్పిందే మళ్లీ చెప్పింది కదా, రెండు వాక్యాలు ఎందుకు? 'మాన్పించిన'ని 'మాన్పించాను' చేశాను, చదివేవాళ్లకి సులువని. సూచికలో ఆ భాగానికి శీర్షిక పెట్టాలి. మాకిచ్చిన పదాల పట్టికలో దగ్గరగా ఉన్నది 'విద్య – బాలికలు – బడి మానేయడం.' అది పెట్టేసి తర్వాతి నిమిషంలోకి వెళ్లాను.

ఆ నెలలోనే సెమినార్ పేపరు కోసం 'మనకు తెలియని మన చరిత్ర' చదివాను. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను కలిసి, వాళ్లు చెప్పుకున్న జీవితాలను స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన పుస్తకం. మూడేళ్ల తర్వాత ఇంగ్లీషులోనూ వచ్చింది. మన దగ్గర మౌఖిక చరిత్ర అనగానే ముందు గుర్తొచ్చేది ఇదే, అలా గుర్తు రావడం న్యాయమే. విసునూరు దేశ్‌ముఖ్‌తో భూమి కోసం తలపడిన చిట్యాల ఐలమ్మ 1985లో పోయింది. ఆలోపు ఒకరు ఆమె ముందు కూర్చుని అడగడం, విన్నది అచ్చు వేయడం ఎంత పనో ఇప్పుడు నాకు కొంచెం అర్థమవుతుంది. పార్టీ చరిత్రల్లో పోరాటం 1946 నుంచి 1951 దాకా దాడులుగా, తీర్మానాలుగా నడుస్తుంది. ఈ పుస్తకంలో అదే పోరాటం వండి పెట్టడంగా, దాచిపెట్టడంగా, అడవిలో బిడ్డను వదులుకోవడంగా నడుస్తుంది.

పేరులోని మెలిక కూడా అప్పుడే తట్టింది. 'మనకు తెలియని' అన్నప్పటి ఆ 'మన'లో ఐలమ్మ లేదు, ఆమెకి తెలుసు కాబట్టి. 'మన చరిత్ర' అన్నప్పటి 'మన'లో ఉంది. నాలుగు మాటల పేరులోనే ఒక్క సర్వనామం మనుషుల్ని మార్చుకుంది. సంపాదకులు ఇది ఎరిగే పెట్టారనిపిస్తుంది.

కానీ నా అసంతృప్తి ఆ పుస్తకం చదువుతూనే మొదలైంది. కాగితం మీద అందరూ ఒకే వేగంతో మాట్లాడతారు. మల్లు స్వరాజ్యం సభల్లో ఉపన్యాసాలిచ్చి ఆరితేరిన మనిషి, తర్వాత తుంగతుర్తి నుంచి రెండుసార్లు ఎమ్మెల్యే. ఆమె గొంతుకి మైకు అలవాటు. ఐలమ్మ మాటకి అలాంటి తర్ఫీదు లేదు. ఇద్దరి పేరాలూ పక్కపక్కన పెడితే ఆ తేడా మాటల్లో ఉంటుంది గానీ ఊపిరిలో వినబడదు. ఎవరు ఎక్కడ తడుముకున్నారు, ఎక్కడ ప్రశ్న దాటేసి వేరే దాంట్లోకి పోయారు అన్నది పేజీ దాచేస్తుంది. ఇంతకుముందైతే నేనిది పట్టించుకునేదాన్ని కాదు. ఇప్పుడు ప్రతి నున్నటి వాక్యం దగ్గరా ఆగి, ఇది ఆమె నున్నదనమా, నాలాంటిదెవరో చేసిందా అని అనుమానం. ఇది ఆ పుస్తకం మీద ఫిర్యాదు మాత్రమే కాదని చదివేవారికి ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

అలెస్సాండ్రో పోర్టెల్లీని మా కోర్సులో అందరూ చదవాలి. ఇటలీలోని తెర్ని ఊళ్లో లుయీజీ ట్రస్తుల్లీ అనే ఉక్కు కార్మికుడు పోలీసుల చేతిలో చనిపోయింది 1949 మార్చి 17న, నాటోలో చేరడానికి వ్యతిరేకంగా కార్మికులు బయటికొచ్చిన రోజు. ఏళ్ల తర్వాత పోర్టెల్లీ వెళ్లి అడిగితే చాలామంది అతను 1953లో పోయాడని చెప్పారు, ఫ్యాక్టరీలో కార్మికుల్ని తీసేసినప్పటి గొడవల్లో. పోర్టెల్లీ ఆ తప్పును దిద్ది ఊరుకోలేదు. అంత పెద్ద చావుకి అంత చిన్న కారణం ఊరికి సరిపోలేదని, అందుకే దాన్ని పెద్ద పోరాటంలోకి జరుపుకుందని చదివాడు. బాగుంది, పరీక్షలో రాశాను, మార్కులు కూడా వచ్చాయి. నా హార్డ్ డిస్కులో అదే ఉంటే మాత్రం పోల్చుకోలేకపోయాను.

ఈవిడ మొగుడు దుబాయి ఎప్పుడు పోయాడు? ఒకచోట 'రెండ్రూపాల బియ్యం వచ్చిన ఏడు' అంటుంది. అంటే 1983. ఇంకోచోట 'ఇందిరమ్మను సంపినప్పుడు' అంటుంది. అది 1984 అక్టోబరు. నేను రెండో దాన్ని ఖాయం చేసుకుని బ్రాకెట్లో ఏడాది వేసి, మొదటి దానిపక్కన 'పొరపాటు' అని రాశాను. రెండోసారి విన్నప్పుడు తెలిసింది. తిండి సంగతి చెబుతున్నప్పుడు అతను బియ్యం ఏడాదిలో వెళ్లాడు. రాత్రిళ్లు తలుపు గడియ వేసుకుని ఒంటరిగా పడుకున్న సంగతి చెబుతున్నప్పుడు ఇందిరమ్మ ఏడాదిలో వెళ్లాడు. ఏ ఏడాదో పాస్‌పోర్టులో ఉంటుంది. అతను వెళ్లడం ఆమెకి ఏమైందో ఆ రెండు తేదీల్లోనే ఉంది. 'పొరపాటు' కొట్టేశాను.

రెండోసారి ఎందుకు విన్నానంటే, పేపరు రాస్తూ ఆ కూతురి సంగతి ఉటంకిద్దామని అసలు ఫైలు తెరిచాను. శుభ్రం చేయనిది. 'బడి మాన్పించిన' దగ్గర కత్తెర ఆగుతుంది. పదకొండు సెకన్లు. వీధిలో ఎవరో పిల్లను పిలుస్తున్నారు, ఫ్యాను తిరుగుతోంది. 'నేనే మాన్పించిన.' ఇంకో రెండు సెకన్లకి మళ్లీ కత్తెర. గంటన్నర ఇంటర్వ్యూలో ఆ చేతులు ఆగింది అక్కడొక్కచోటే. నేను శుభ్రం చేసిన ఫైల్లో కత్తెరే లేదు కాబట్టి, అది ఆగిందన్న సంగతీ లేదు.

అప్పుడు సూచికలో నేను పెట్టిన శీర్షిక చూసుకున్నాను. బడి మానేయడం. మానేసింది ఆ పిల్ల కాదు! తెలుగులో ఇంత చక్కటి ప్రేరణార్థకం ఉండగా, ఆమె దాన్ని రెండుసార్లు వాడి, రెండోసారి 'నేనే' కూడా చేర్చి చెప్పగా, మా పట్టిక దాన్ని కూతురి నిర్వాకంగా మార్చేసింది. ప్రభుత్వ లెక్కల్లో డ్రాపవుట్లు అన్న మాటా ఇదే చేస్తుంది. పిల్లలు పండ్లలా రాలిపోతారు, చెట్టు ఊపినవాళ్లెవరూ ఉండరు.

మేడమ్ దగ్గరికి వెళ్లాను. పాఠం దిద్దడానికి వెంటనే ఒప్పుకున్నారు: రెండు వాక్యాలూ, ఆమె మాటలోనే, మధ్యలో సెకన్లతో సహా. శీర్షిక దగ్గర ఒప్పుకోలేదు. ఇరవై ఏళ్ల తర్వాత వెతికే మనిషి తనకు తెలిసిన మాటతోనే వెతుకుతాడు, ఒక్కో టేపుకి ఒక్కో మాట పెడితే ఏదీ దొరకదు అన్నారు. నిజమే. తెలుగు పుస్తకాల్లో చివర పదసూచి ఉండటమే అరుదు, ఆ లోటు ఎంత విసిగిస్తుందో పరిశోధన చేసినవాళ్లకి తెలుసు. కెంటకీ విశ్వవిద్యాలయంలోని నన్ సెంటర్ వాళ్లు తయారుచేసిన ఓహెచ్ఎంఎస్ లాంటి సాఫ్ట్‌వేర్లో సూచికలోని మాట నొక్కితే రికార్డింగు సరిగ్గా ఆ క్షణం దగ్గర మొదలవుతుంది, గొంతుతో సహా. అంటే సూచిక గొంతుకి దారి. అందుకే ఆ దారి మీది బోర్డు తప్పుగా ఉండకూడదని నేను, అందరికీ అర్థమవ్వాలని ఆవిడ. చివరికి పట్టికలో 'మానేయడం' ఉంచి, దాని కింద కీలకపదంగా 'మాన్పించడం' చేర్చుకోనిచ్చారు. గెలిచాననే అనుకున్నాను.

సంతకాల కోసం మళ్లీ ఊరికి వెళ్లినప్పుడు నేనూ వెళ్లాను. ఆవిడ చాటతోనే కూర్చుంది. ఫోన్లో వినిపించాం. మొదట నవ్వింది: 'నా కత్తెర గింత సప్పుడు చేస్తదా?' ఆ చోటు వచ్చింది. నేను కొంచెం గర్వంగానే చూపించాను, ఇదిగో అమ్మా, ఈ మాట నొక్కితే నేరుగా ఇక్కడికే వస్తుంది అని. ఆమె ఫోను కేసి చూసింది.

'గిది మా బిడ్డ ఇంటదా?'

వినొచ్చు అన్నాను. ఇంటర్నెట్లో పెడతారు, ఎవరైనా వినొచ్చు. కూతురు పక్క వీధిలోనే ఉంటుంది, ఆమె కూడా బీడీలే చుడుతుంది. ఫోను ఉంది. 'ఆమెకి తెలుసు కదమ్మా' అన్నాను, తెలివితక్కువగా. 'తెలుసు' అంది. 'నేను అన్నట్టు తెల్వది.'

మాన్పించిందని కూతురికి తెలుసు. తల్లి దాన్ని నోటితో అనడం ఆమె వినలేదు. పట్టికలోని ఆ మొద్దు మాట మీద అంత గొడవ పడ్డానే, ఇన్నాళ్లూ ఆ మాటే కూతుర్ని ఆ పదకొండు సెకన్లకి దూరంగా ఉంచింది. 'మాన్పించడం' అని సరిగ్గా రాసి తలుపు తీసింది నేను.

తీసేయమంటారా అని అడిగాం. ఆ భాగం మూసి ఉంచొచ్చు, మీరు ఉన్నన్నాళ్లూ ఎవరికీ వినపడకుండా పెట్టొచ్చు అని వివరించాం. వింటూ రేకు ముక్క ఆకు మీద పెట్టింది, కత్తిరించింది, ఇంకోటి తీసుకుంది. మిగతా టేపుకి వేలిముద్ర వేసింది. దీని గురించి ఏమీ అనలేదు. చాయ్ తాగి పొమ్మంది.

ఫారంలో ప్రతి భాగానికీ అనుమతి అని ఒక గడి ఉంటుంది. ఉంది, లేదు అని రెండే ఎంపికలు. బస్సులో కూర్చుని ఆ వరుసలో పెన్నుతో రాశాను: అడిగాం, ఇంకా చెప్పలేదు.