రాగం పేరు చూసి పాడండి

పోర్ట్ బ్లెయిర్‌ను ఇప్పుడు శ్రీవిజయపురం అంటున్నారు. ఊళ్లోని జంగ్లీఘాట్ వైపు వెళ్తే మాత్రం పాత శ్రీకాకుళం యాసే వినిపిస్తుంది. 2011 జనగణన ప్రకారం ఈ అండమాన్ నికోబార్ దీవుల్లో దాదాపు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. ఆదివారం ఆరాధనలో మన క్రైస్తవ కుటుంబాలు తీసే పాటల పుస్తకంలో చాలా కీర్తనలు వాళ్ల సొంత సీమవాడు రాసినవే.

ఆయన పురుషోత్తమ చౌదరి. 1803లో పర్లాకిమిడి దగ్గర మదనాపురంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ తర్వాత సువార్తికుడిగా, కాపరిగా శ్రీకాకుళం చుట్టుపక్కల తిరిగాడు. 1890లో కన్నుమూసేనాటికి వందకు పైగా కీర్తనలు రాశాడు.

నేను ఆయనకు రుణపడింది ఆ లెక్కకు కాదు, ఆ పాటల కట్టుకు. ఇంగ్లీషు బాణీకి తెలుగు మాటలు అతికిస్తే దీర్ఘం పడాల్సిన చోట హ్రస్వం పడి మాట నలిగిపోతుంది. చౌదరి ఆ దారి పట్టలేదు. పల్లవి, చరణాలు, ప్రాస, తాళం అన్నీ మన కీర్తన పద్ధతే. చరణం ఒకరు ఎత్తుకుంటే పల్లవి అందరూ అందుకుంటారు. అక్షరం రానివాళ్లకు కూడా పాటలో చోటు దొరికింది అలాగే. కాపరి తెలిసి చేసిన పని అది. ప్రసంగం ఇంటికి చేరకపోయినా పల్లవి చేరుతుంది.

ఈ దీవుల్లోనే కార్ నికోబార్‌లో బిషప్ జాన్ రిచర్డ్‌సన్ నికోబారీలోకి కొత్త నిబంధనను అనువదించి ఇలాంటి మేలే చేశాడు. ఆయన 1952లో తొలి లోక్‌సభకు కూడా నామినేట్ అయ్యాడు. సొంత మాటలో ఆరాధించే జాతి తన మాటను అంత తేలిగ్గా వదులుకోదు.

మన దగ్గర వదులైపోతున్నది రాగం. పుస్తకంలో కీర్తనల పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. ఇప్పుడు వాటిని చూసేవాళ్లు తక్కువ. కీబోర్డులో ఒక బీటు పెట్టేస్తే ఆనందభైరవైనా మోహనైనా ఒకే నడక నడుస్తుంది. వాయిద్యం మీద నాకు కోపం లేదు. గమకాన్ని మింగేసే తొందరంటేనే బాధ.

ఇక్కడి పిల్లలు ఎక్కువగా బడిలో హిందీ, ఇంగ్లీషు చదువుతారు. చాలామందికి తెలుగు లిపి రాదు. అయినా చెవి ఉంది కదా! పాట నడిపించే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, వచ్చే ఆదివారం ఒక్క కీర్తనకైనా పైన ఉన్న రాగం పేరు చూడండి. పాత వరస తెలిసిన అమ్మమ్మ చేత పాడించి ఫోన్‌లో రికార్డు చేయండి. ఆ వరసనే పిల్లలకు నేర్పండి.