చిట్టీ మోసిన ఆడమనిషి నవల్లో ఏ కులం?

యుద్ధకాలపు గూఢచారిణి మీద వచ్చే చారిత్రక నవలలకు ఒక అచ్చు ఉంది. ఆమె చదువుకున్నది, అందగత్తె. శత్రువుల మధ్యకు పనిమనిషి వేషంలో పోతుంది. పాఠకుడు ఆ వేషానికి ముచ్చటపడతాడు. మేం అడిగేది ఒక్కటే: ఆ వేషం ఎవరి బతుకు?

బూర్గంపాడు దగ్గర నిలబడి ఈ ప్రశ్న అడుగుతున్నాం. 1948 దాకా ఈ ఒడ్డు నిజాం రాజ్యం. గోదావరి అవతల భద్రాచలం మద్రాసు కింద ఉండేది. 1948 సెప్టెంబరులో యూనియన్ సైన్యం దిగినాక తెలంగాణ సాయుధ దళాలు ఈ గోదావరి అడవుల్లోకి జరిగాయి. 1951 అక్టోబరులో పోరాటం విరమించేదాకా దళానికి గింజలూ, దారీ, కబురూ ఊళ్ళ నుంచి, కోయ గూడేల నుంచి అందాలి. కబురూ తిండీ ఆగాలనే సర్కారు గూడేలను ఖాళీ చేయించి జనాన్ని క్యాంపుల్లో పెట్టింది. అంటే ఆ జనమే దళానికి కన్నూ చెవీ అని సైన్యానికి తెలుసు. నవలాకారుడికే తెలియలేదు!

వెట్టికి పోయే మాదిగ ఆడమనిషిని, బట్టల మూట మోసే చాకలామెను, అడవికి పోయే కోయ ఆడమనిషిని ఎవరూ తేరిపార చూడరు. కులం వాళ్ళను మనుషుల లెక్కలోంచి తీసేసింది. ఆ లెక్కలేనితనాన్నే వాళ్ళు పోరాటానికి ఆయుధం చేయగలరు. ఇందులో వేషం లేదు. దొరికితే విప్పేసి ఇంటికి పోయే వీలూ లేదు.

మల్లు స్వరాజ్యం దొరల ఇంట పుట్టి, ఈ అడవుల్లో రాజక్కగా తిరిగింది. ఆ తెగువను మేం తక్కువ చేయం. ఆమె ఆత్మకథ 2019లో వచ్చింది కూడా. కానీ రాజక్కకు అన్నం పెట్టి, దారి చూపిన ఆడవాళ్ళకు పుస్తకం ఏది? స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో కమలమ్మ ఉంది. ఆడబాప కుటుంబంలోంచి వచ్చిన మనిషి. అడవిలో కన్న బిడ్డను పరాయి చేతుల్లో పెట్టాల్సి వచ్చింది. నవల్లో గూఢచారిణికి చంటిబిడ్డ ఉండదెందుకో ఇక్కడ తెలుస్తుంది.

ఇది మన దగ్గరి సంగతే కాదు. బానిసగా పుట్టిన హారియట్ టబ్మన్ అమెరికా అంతర్యుద్ధంలో గూఢచారిణిగా పనిచేసింది. 1863లో కాంబహీ నది దాడికి దారి చూపితే 700 మందికి పైగా బానిసలు విడుదలయ్యారు. ముసలితనంలో ఆమెకు దక్కిన పింఛను సిపాయి భార్యగా, నర్సుగా. గూఢచారి పని లెక్కకు రాలేదు.

చరిత్రలో పేరు లేనిచోట కల్పనకు పని ఉంటుంది. అందుకే ఈ అడవి మీద రాయబోయేవాళ్ళను ఒకటి కోరుతున్నాం. ఆ తరం దాదాపు వెళ్ళిపోయింది. వాళ్ళ కూతుళ్ళు, మనవరాళ్ళు ఉన్నారు. ముందు వాళ్ళ దగ్గర కూర్చోండి. కథ తర్వాత రాయొచ్చు.